తీగ లేని తల

జూన్ 3

పిడుగూ,

కవరు మీద చేతిరాత చూసి ఎవరిదా అని అటూ ఇటూ తిప్పి చూసుంటావు. నాదే. మీ వదిన చేత రాయించింది కాదు, అచ్చంగా నా చేత్తో రాసింది. పదకొండేళ్ళ తర్వాత రాస్తున్న మొదటి ఉత్తరం నా చెల్లెలికే. మేమిద్దరం బాగున్నాం. నువ్వు బాగోకపోతే ఈపాటికి మీ వదినకి ఫోన్ వచ్చేది కాబట్టి నువ్వూ బాగున్నట్టే లెక్క.

ఆపరేషనైన మూడు నెలలకి, అంటే మొన్న, డాక్టరు బ్యాటరీని మళ్ళీ సవరించాడు. సవరించి, కాగితం నా ముందు పెట్టి గుండ్రంగా సున్న చుట్టమన్నాడు. చుట్టాను. సున్న కలిసింది! మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. ఆయన దాన్ని ఫైల్లో పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఇప్పుడది మా అద్దానికి అంటించి ఉంది. మీ వదిన దువ్వుకుంటూ దాన్ని చూసి నవ్వుతుంది, నేను అటు తిరగ్గానే కళ్ళు తుడుచుకుంటుంది.

ఈ వీధిలో సగం కొట్ల బోర్డులు నేను రాసినవే కదా. స్కేలు లేకుండా గీత గీసేవాణ్ణి. అలాంటివాణ్ణి వణుకు జబ్బుతో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అయినా సగం చొక్కా మీద పోసుకుంటూ పదకొండేళ్ళు గడిపాను. ఇప్పుడు తలలో రెండు సన్నటి తీగలు, ఛాతీలో చర్మం కింద అగ్గిపెట్టెంత బ్యాటరీ. అది అలా కాస్త కాస్త కరెంటు పంపిస్తూ ఉంటే నా చెయ్యి బడికెళ్ళే పిల్లాడిలా బుద్ధిగా ఉంటోంది.

ఈ సంగతి మాత్రం ఎవరి దగ్గరా నోరు జారకు. అందరికీ నీ దగ్గరికి గాలి మార్పుకి వెళ్ళానని చెప్పాం. జుట్టు మొలిచేదాకా టోపీ పెట్టుకుని తిరిగాను. తలలో యంత్రం ఉందని తెలిస్తే నాకు బోర్డు ఎవరిస్తారు? "రాసేది ఇతను కాదు, బ్యాటరీ" అంటారు. ఆ మాట పడటంకన్నా వణుకే నయం.

ఇక ఫోన్ గురించి. ఇంట్లోంచి పంపించేశాను. తీగ అన్నాక రేడియో ఏరియల్ లాంటిదే కదా, నా తలలో ఏరియల్ పెట్టుకుని పక్కన ఫోన్ ఎలా ఉంచుకుంటాను? మీ వదిన ఫోన్ ఇప్పుడు కింద దర్జీ కొట్టులో, దారపు ఉండల మధ్య ఉంటోంది. ఏదైనా కాల్ వస్తే దర్జీ గజం బద్దతో పైకప్పు మీద కొడతాడు, ఈవిడ దిగి వెళ్తుంది. రోజుకి నాలుగుసార్లు దిగుతూ ఎక్కుతూ నన్ను తిడుతోంది. నువ్వేదో ఫోన్లకి పరీక్షలు పెట్టే చోట పనిచేస్తున్నావుగా. అసలు నువ్వు చేసేదేంటో నాకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఈసారి ఉత్తరంలో చెప్పు, చదవడానికి నాకు తీరికే తీరిక.

మీ అన్నయ్య


జూన్ 11

అన్నయ్యకి,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చింది. డబ్బా మూత తీసి, ఉత్తరం చదివి, మూత మళ్ళీ పెట్టేశాను. ఆకలి గుర్తు రాలేదు. పక్క సీటు ఆవిడ "ఏమైంది, చెడ్డ వార్తా?" అని అడిగింది. "మా అన్నయ్య సున్న చుట్టాడండీ" అన్నాను. ఆవిడ నన్ను ఎలా చూసిందో నువ్వే ఊహించుకో. ఎన్నేళ్ళైనా అక్షరాల చివర తోకలు తిప్పే నీ అలవాటు మాత్రం పోలేదు.

ఇక నా పని. మా గదిలో మనిషి తల పక్కకి తిరిగి పడుకున్న ఆకారంలో ఒక తొట్టి ఉంది. దానికి మేం పెద్దాయన అని పేరు పెట్టుకున్నాం. పైన తెరిచి ఉంటుంది. మెదడు బదులు అందులో నీళ్ళు, పంచదార, ఉప్పు, చిక్కబడటానికి ఒక పొడి కలిపి పోస్తాం. రేడియో తరంగాలని మెదడు ఎంత పీల్చుకుంటుందో ఆ పాకమూ అంతే పీల్చుకుంటుంది. రోజూ పొద్దున్నే దాన్ని కలిపేది నేనే. బుడగలు లేకుండా కలపాలి, ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. తర్వాత పెద్దాయన చెంపకి కింద నుంచి కొత్త ఫోన్ ఆనించి, దాన్ని గట్టిగా అరిపించినట్టు పూర్తి శక్తితో నడిపిస్తాం. పైనుంచి ఒక రోబో చెయ్యి సన్నటి సూదిని పాకంలో ముంచి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఎక్కడ ఎంత పీల్చుకుందో కొలుస్తుంది. హద్దు దాటితే ఆ ఫోన్ బజారుకి రాదు. పోయిన వారం చీమలు బారు కట్టి పెద్దాయన చెవి దాకా వచ్చేశాయి. వాటిని తోలడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

నీ భయం సంగతి చెప్తాను, విను. ఈ తరంగాలు మెదడుకి ఏం చేస్తాయని ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. నికరంగా తేలింది ఒక్కటే, వేడి. ఫోన్ మాట్లాడితే మెదడులో పెరిగేది డిగ్రీలో పదో వంతు. ఆ కాస్తనీ రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. ఎండలో బజారుకి వెళ్ళొస్తే నీ చెంప అంతకన్నా ఎక్కువ కాగుతుంది. ఫోన్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి చొక్కా జేబులో, బ్యాటరీ మీద పెట్టుకోకు. జానెడు దూరం చాలు. అంతకుమించి ఏం లేదు. నువ్వు గోడ మీద రాసుకునేంత పెద్ద అక్షరాలతో చెప్తున్నాను అనుకో: వేడికి భయపడకు. వేడి వల్ల నీకేమీ కాదు.

వదిన మోకాళ్ళు అరగకముందే ఆ ఫోన్ పైకి తెప్పించు.

పిడుగు


జూన్ 20

పిడుగూ,

పెద్దాయనని పరిచయం చేసినందుకు సంతోషం. మీ వదిన ఉత్తరం రెండుసార్లు చదివించుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ చెల్లెలు ఇన్నేళ్ళుగా పాకం పడుతోందా, ఇంట్లో ఏనాడూ గరిటె పట్టలేదే!" అంది. నాకు మాత్రం ఒక అనుమానం ఉంది. చీమలు పట్టే మెదడుని అడిగి నా మెదడు సంగతి చెప్తే ఎలా? నువ్వు చెప్పింది అబద్ధమని కాదు. కానీ ఫోన్ మాత్రం కిందే ఉంటుంది, నన్ను బలవంతపెట్టకు. దర్జీ వాళ్ళమ్మాయికి పురుడొచ్చిందట, ఆదివారం నుంచి వారం రోజులు కొట్టు మూసి వెళ్తున్నాడు. ఫోన్ లోపలే ఉంటుంది. నాకు వారం రోజులు పండగ.

అయినా నీ మాట బొత్తిగా పెడచెవిన పెట్టానని అనుకోకు. సగం విన్నాను. ఎలాగో చెప్తాను.

దర్జీ తన కొట్టుకి కొత్త బోర్డు రాయమన్నాడు. అడిగింది వాడే, నేను అడుక్కోలేదు. "చెయ్యి కుదురుకున్నట్టుంది, మళ్ళీ రాయకూడదూ?" అన్నాడు. వెంటనే కుంచెలు దింపి కిరసనాయిల్లో నానబెట్టాను. రాయడానికి చెయ్యి సిద్ధం, నిచ్చెన ఎక్కడానికి కాలే సిద్ధంగా లేదు. కుడి మోకాలు మూడో మెట్టు దగ్గర మొరాయిస్తోంది. పదకొండేళ్ళు కుర్చీకి అతుక్కుపోయిన కాలు మరి.

మార్కెట్ వెనక మెట్ల పక్కన కొత్తగా ఫిజియోథెరపీ పెట్టారు. అక్కడ ఉండేది చిన్నమ్మాయే కానీ పని తెలిసినట్టే మాట్లాడింది. మోకాలికి అటొకటి ఇటొకటి పళ్ళెం లాంటివి పెట్టి యంత్రం ఆన్ చేస్తారట. ఒంటికి తగలవు కూడా, అయినా ఎముక లోపలిదాకా వేడి దిగుతుందట. పది రోజుల్లో మెట్లు పరిగెత్తుతూ ఎక్కుతారు అంది. మొదట కాస్త జంకాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. వేడికి భయపడకు అని మా చెల్లెలు, ఆ పనిలోనే తల పండినది చెప్పింది కదా! పైగా మోకాలు ఎక్కడ, మెదడు ఎక్కడ. సరే అనేశాను. బుధవారం 26న మొదలు.

ఫారంలో "ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా? ఒంట్లో లోహం గానీ యంత్రం గానీ ఉందా?" అని ఉంది. లేవు అని రాసి, కింద సంతకం చేశాను. ఏం సంతకం పిడుగూ! ఆ అమ్మాయి "భలే ఉంది సార్ మీ సంతకం" అంది. ఇక ఆ అమ్మాయికి తలలో తీగల సంగతి చెప్పడం నావల్ల కాలేదు.

మోకాలు బాగవగానే మొదటి బోర్డు. నువ్వు వచ్చి చూడాలి.

మీ అన్నయ్య


జూన్ 25, మంగళవారం సాయంత్రం

అన్నయ్యా,

రేపు వెళ్ళకు. ఇది నీ చేతికి వచ్చేసరికి రేపు దాటిపోతుందని తెలుసు. అయినా ముందు అదే రాస్తున్నాను, ఇంకేం రాయాలో తోచడం లేదు. వెళ్ళకు, ఒకసారి వెళ్ళి ఉంటే రెండోసారి వెళ్ళకు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. వదిన ఫోన్‌కి పదిహేడుసార్లు చేశాను. తాళం వేసిన కొట్టులో దారపు ఉండల మధ్య మోగుతూ ఉంది. నీకు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి చేశాను. వాళ్ళూ కంగారుపడ్డారు, వెంటనే ఆపమన్నారు, కానీ నిన్ను పట్టుకోవడానికి వాళ్ళ దగ్గరున్నదీ అదే నంబరు. ఆ క్లినిక్ పేరు నువ్వు రాయలేదు. మార్కెట్ వెనక మెట్లట! ఏ డైరెక్టరీలో వెతకను? ఇవాళ్టి రైలు వెళ్ళిపోయింది. మీ ఊరికి మళ్ళీ రైలు వచ్చే మంగళవారమే. ఈ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం శుక్రవారానికి చేరినా చేరచ్చు అని పోస్టాఫీసులో అన్నారు. అందుకే బల్ల దగ్గర నిలబడే రాస్తున్నాను.

ఆ పళ్ళేల యంత్రం వేడినీళ్ళ సంచీ లాంటిది కాదు. అది పంపించేవి కూడా రేడియో తరంగాలే. ఫోన్ కన్నా వందల రెట్లు బలంగా పంపిస్తుంది. మామూలు మనిషికి మోకాలు వెచ్చబడుతుంది, అంతే. నీకు అలా కాదు. నీ ఒంట్లో ఛాతీ నుంచి తలలోకి తీగ ఉంది. ఆ శక్తిని ఆ తీగ పోగుచేసి పైకి తీసుకెళ్ళి, మెదడులో తగిలి ఉన్న ఆ చిన్న మొన దగ్గర కుమ్మరిస్తుంది. మోకాలికి పెట్టినా అంతే, బ్యాటరీ ఆపేసి పెట్టినా అంతే. అక్కడ పుట్టేది డిగ్రీలో పదో వంతు కాదు. మెదడు ఉడికిపోయేంత వేడి. మనుషులు పోయారు అన్నయ్యా. బతికినవాళ్ళు మాట పోగొట్టుకున్నారు.

తప్పు నాది. వేడి వల్ల నీకేమీ కాదని గోడంత అక్షరాలతో రాసింది నేను. రోజూ నేను కొలిచే తలలో తీగ లేదు. తీగ లేని తల గురించి తెలిసిందంతా తీగ ఉన్న నీకు చెప్పేశాను. నువ్వు ఫోన్‌కి భయపడుతున్నావని నవ్వుతూ ఉన్నాను, అసలు భయపడాల్సిన దాని ఊసే ఎత్తలేదు.

వెళ్ళకు. వెంటనే ఒక్క ముక్క రాయి.

పిడుగు


జూన్ 26, బుధవారం

పిడుగూ,

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కూర్చుని తీరిగ్గా చదువు.

పొద్దున పదింటికి క్లినిక్‌కి వెళ్ళాను. చెప్పులు బయట వదిలాను. కుడికాలు ప్యాంటు మోకాలి పైదాకా మడిచారు. బల్ల మీద పడుకోబెట్టారు. పళ్ళేలు రెండూ అటూ ఇటూ అమర్చి, ఆ అమ్మాయి యంత్రం దగ్గరికి వెళ్ళబోతూ జేబులోంచి తన ఫోన్ తీసి, గుమ్మం బయట బుట్టలో పెట్టి వచ్చింది. ఆ బుట్టలో అప్పటికే నాలుగైదు ఫోన్లున్నాయి. నేను ఊరుకోలేక అడిగాను.

"ఫోన్ బయటెందుకు పెట్టావమ్మా?"

"ఇది ఆన్ చేస్తే పిచ్చిపిచ్చిగా చేస్తుంది సార్. ఇదీ రేడియో తరంగాల మిషనే కదా, ఫోన్‌ని పాడుచేస్తుంది."

అంతే. ఫోన్‌నే పాడుచేసే తరంగాలు! ఫోన్‌కే భయపడేవాణ్ణి నేను. పళ్ళెం తోసేసి బల్ల మీంచి దూకి కాళ్ళకి బుద్ధి చెప్పాను. మోకాలి నొప్పి ఏమైందో తెలీదు. వెనక ఆ అమ్మాయి "సార్, సార్, చెప్పులు!" అని అరుస్తూనే ఉంది. ఒక కాలు మడిచిన ప్యాంటుతో, వట్టి కాళ్ళతో మార్కెట్ అంతా దాటాను. కూరగాయలవాళ్ళు తూకం ఆపి మరీ చూశారు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుంటే గానీ ఊపిరి అందలేదు.

కోపం ఎందుకంటావా? తరంగాలకి భయం లేదు లేదు అని నాకు నూరిపోశావు. వాటితో పనిచేసేవాళ్ళే ఫోన్లు తీసుకెళ్ళి బయట పెడుతున్నారు. నీ పెద్దాయనని అడిగి చెప్పు దానికేం సమాధానమో.

మీ వదిన మాత్రం నన్ను దులిపేసింది. "ఆడపిల్ల ముందు అలా పరిగెత్తుకొస్తారా, మీ చెల్లెలు అంత చదువుకుని చెప్తే వినరు, ఏదో బుట్ట చూసి హడలిపోతారు" అని. సాయంత్రం తనే వెళ్ళి చెప్పులు తెచ్చి, నా తరఫున క్షమాపణ చెప్పి, శనివారానికి మళ్ళీ టైం తీసుకుని వచ్చింది. కాస్త తీరిగ్గా ఆలోచిస్తే తనన్నదీ నిజమే అనిపిస్తోంది. నాది వట్టి పిరికితనమేమో. దర్జీ బోర్డుకి మాటిచ్చాను, ఈ కాలితో నిచ్చెన ఎక్కలేను. కాబట్టి శనివారం కళ్ళు మూసుకుని పడుకుంటాను. నీ మాట మీద నమ్మకంతోనే వెళ్తున్నాను, గుర్తుంచుకో.

మీ అన్నయ్య


జూన్ 28, శుక్రవారం

పిడుగూ,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. శనివారం రేపు. నేను వెళ్ళను.

మొదటిసారి మౌనంగా చదివాను. రెండోసారి మీ వదినకి పైకి చదివాను. సగంలోనే ఆవిడ నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. శనివారం టైం తీసుకున్నది తనేనని ఇంకా పదేపదే అంటోంది. నువ్వు తనకి వేరే ఒక ముక్క రాయి.

యంత్రం ఆన్ కాలేదు. అది నీకు ముందు తెలియాలి, కానీ నీ నంబరు తాళం వేసిన కొట్టులోని ఫోన్లోనే ఉండిపోయింది. చెయ్యి బాగానే ఉంది, ఈ అక్షరాలు చూడు.

తప్పుడు భయంతో పారిపోయి బతికాను. సరైన ధైర్యంతో రేపు చచ్చేవాణ్ణి. ఇకనుంచి దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తేటగా చెప్పు. సగం వినే అలవాటు మానేస్తాను.

అన్నయ్య


జూలై 4

అన్నయ్యకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. అదృష్టం కొద్దీ 28న రాసింది పైన ఉంది. "నేను వెళ్ళను" అన్నది చదివి, అక్కడే, పెద్దాయన తొట్టి అంచు పట్టుకుని భోరుమన్నాను. మా ఇన్‌ఛార్జి పరిగెత్తుకొచ్చి "కన్నీళ్ళు అందులో పడనివ్వకండి, ఉప్పు లెక్క మారుతుంది" అన్నాడు. మంచివాడే, ఓదార్చడం రాదు, అంతే. తర్వాత 26న రాసింది చదివాను. ఒక కాలు మడిచిన ప్యాంటుతో నువ్వు మార్కెట్ దాటడం తలుచుకుని పడీ పడీ నవ్వాను. ఈసారి ఇన్‌ఛార్జి నన్ను ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు.

నువ్వు అడిగిన సమాధానం ఇదివరకట్లా ఊరికే చెప్పదలుచుకోలేదు. నిన్న ఇన్‌ఛార్జి అనుమతి తీసుకుని ఒక పెట్టెలో గట్టి జెల్లీ పోసి, అందులో నీ తీగంత పొడవు తీగ పెట్టి, చివర సన్నటి థర్మామీటర్ గుచ్చాను. ముందు పక్కన ఫోన్ పెట్టి అరగంట నడిపించాను. ముల్లు కదల్లేదు. తర్వాత స్టోరులో మూలన పడున్న, తరంగాలు పంపే పాత ట్రాన్స్‌మిటర్ తెచ్చాం. నీ క్లినిక్ యంత్రం ముందు అది ఏ మూలకీ చాలదు. తీగ లేని చోట జెల్లీ గోరువెచ్చగా కూడా అవలేదు. తీగ చివర మాత్రం నాలుగు నిమిషాల్లో కరిగి చిన్న గుంట పడింది. ఇన్నేళ్ళలో నా పని చూసి నాకు భయమేసింది ఆ ఒక్కరోజే.

కాబట్టి ఫోన్‌తో, రేడియోతో నీకు భయం లేదు. ఆ పళ్ళేల వేడి మాత్రం ఒంట్లో ఏ భాగానికీ, ఎప్పటికీ వద్దు. స్కానింగ్ గానీ ఇంకో ఆపరేషన్ గానీ వస్తే ముందు నీ డాక్టరుని అడగాలి. ఆస్పత్రిలో ఇచ్చిన కార్డు పర్సులో పెట్టుకో. నువ్వు దాన్ని బీరువాలో బట్టల కింద దాచావని వదిన చెప్పింది. అవును, ఫోన్లో మాట్లాడాం. తనకి ఏ పాపం అంటలేదని చెప్పాను, కాసేపు ఇద్దరం కలిసి నిన్నే తిట్టుకున్నాం, మనసు తేలికపడింది.

ఇంకొక్కటి ఉంది అన్నయ్యా, ఇది కష్టమైనది. ఫారంలో లేవు అని రాశావే, అది నా తప్పు కాదు. అది నీది. ఆ అమ్మాయి అడగాల్సింది అడిగింది. యంత్రం ఆన్ చేసుంటే జీవితాంతం ఆ అమ్మాయి ఏమైపోయేది? వెళ్ళి నిజం చెప్పు. రాసేది బ్యాటరీ అంటారని కదా నీ బెంగ. అదే బ్యాటరీ నా ఛాతీలో పెట్టి కుంచె చేతికివ్వమను. నేను గీసే గీతని ఏ కొట్టువాడైనా గుమ్మానికి కట్టుకుంటాడేమో అడుగు. అది నీ చేతికి అడ్డం తొలగించింది, అంతే. చెయ్యి నీదే.

ఫోన్ పైకి తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా నీ ఇష్టం. నాకు ఈ ఉత్తరాలే బాగున్నాయి.

పిడుగు


జూలై 22

పిడుగూ,

వెళ్ళాను. నీ ఉత్తరం వచ్చిన మూడో రోజుకి గానీ ధైర్యం చాలలేదు.

ఆ అమ్మాయికి కార్డు చూపించాను. చదివింది. కుర్చీలో కూలబడిపోయింది. తిడుతుందనుకున్నాను. కాసేపటికి నా ఫారం తీసి, "లేవు" అన్న నా మాట వైపు, కింద నా సంతకం వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు నాకు కలిగిన సిగ్గు వణుకు రోజుల్లో కూడా ఎరగను. "తప్పైపోయిందమ్మా" అన్నాను. "సార్, నా చేతి మీదుగా..." అంది. చివరికి తనే మంచినీళ్ళు ఇచ్చింది, తనూ తాగింది. ఇప్పుడు మోకాలికి వేడీ గీడీ లేదు, వట్టి వ్యాయామాలే. తెగ సతాయిస్తోంది. అయితేనేం, నిచ్చెన ఐదో మెట్టు ఎక్కాను.

దర్జీకి కూడా చెప్పేశాను. తాతయ్యైన సంబరంలో ఉన్నాడు. అంతా విని, "అయితే బోర్డు ఇంకా నిటారుగా వస్తుందన్నమాట" అని మళ్ళీ బటన్లు కుట్టుకోసాగాడు. దీనికోసం నేను మూడు నెలలు టోపీ పెట్టుకుని తిరిగాను! ఫోన్ కూడా పైకొచ్చేసింది. వంటింటి అల్మారాలో ఉంటుంది, పడకగదిలోకి మాత్రం రానివ్వను. నువ్వు నవ్వుకో, పరవాలేదు.

మొదటి బోర్డు మాత్రం దర్జీది కాలేదు. ముందు క్లినిక్‌కి ఒకటి రాస్తానని ఆ అమ్మాయిని నేనే అడిగాను. నాలుగు రోజులు పట్టింది. తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు, ఒక్కొక్కటీ అరచెయ్యంత. కళ్ళజోడు లేకుండా గుమ్మంలోంచే చదవచ్చు. ఇలా రాశాను:

ఒంట్లో తీగ, బ్యాటరీ, యంత్రం ఏది ఉన్నా
వేడి పెట్టించుకునే ముందు చెప్పండి.
దాచకండి.

కింద మూలన పెయింటరు పేరు వేసుకోవడం మా వాళ్ళకి అలవాటు కదా. కుంచె ఎత్తి కాసేపు ఆగాను. తర్వాత పేరు బదులు చిన్న అక్షరాలతో "ఇది రాసినవాడి తలలో తీగ ఉంది" అని రాశాను. మీ వదిన వచ్చి చూసింది. తడి ఆరకముందే వేలితో ముట్టుకుని చీర కొంగుకి నలుపు అంటించుకుంది.

పోయిన గురువారం దాన్ని వేడి గది తలుపు పక్కన బిగించాం. నేను వ్యాయామం వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాను. నడుం నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడని లోపలికి పిలిచారు. ఆవిడ చేతికర్ర పొడుచుకుంటూ వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నా అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. చివర కింద ఉన్న చిన్న అక్షరాల దాకా వంగి మరీ చదివింది.

"ఈ రాసినాయనకి లేని సిగ్గు నాకెందుకమ్మా," అంటూ వెనక్కి తిరిగింది. "నా గుండెకి బ్యాటరీ వేశారు. బ్యాటరీ మీద బతికే ముసలిదంటారని ఎక్కడా చెప్పను."

ఆ అమ్మాయి ఆవిడని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి నా పక్కనే కూర్చోబెట్టింది. ఆ రాసింది నేనేనని నేను చెప్పలేదు. నా బోర్డు చూసి జనం లోపలికి వెళ్ళడం ముప్ఫయ్యేళ్ళుగా చూశాను పిడుగూ. చదివి ఒక మనిషి వెనక్కి రావడం ఇదే మొదటిసారి చూడటం.

మీ అన్నయ్య